చెవి ఒగ్గిన కెమెరా

గద్వాల నడిగడ్డ నుంచి నల్లమల దాకా వార్తను తెరకెక్కించే చేతులకు ఏం కావాలి?

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగంలో పైకప్పు కూలింది. కూలిన చోటు సొరంగం నోటి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. నీళ్లు, బురద, రాళ్లు ఒక్కుమ్మడిగా వచ్చి పడ్డాయి. పనిలో ఉన్నవాళ్లలో చాలామంది ప్రాణాలు దక్కించుకుని బయటికి పరుగెత్తారు. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. జమ్మూకశ్మీర్, పంజాబ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. వారాల తరబడి సాగిన గాలింపులో మార్చి 9న ఒకరి మృతదేహం, మార్చి 25న మరొకరిది బయటికి తేగలిగారు.

ఆ రోజుల్లో దోమలపెంటలో కెమెరాలకు కొదవ లేదు. మరి తీయడానికి ఉన్నదేమిటి? సొరంగం నోరు. లోపలికీ బయటికీ తిరిగే లోకో బండి. బారులు తీరిన అంబులెన్సులు. హెల్మెట్లు పెట్టుకుని నడిచిపోయే సిబ్బంది. అసలు సంగతంతా 14 కిలోమీటర్ల చీకట్లో ఉంది. సైన్యం, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ దళం, ర్యాట్ హోల్ మైనర్లు దిగిన ఆ చోటికి ఛానళ్ల లోగో మైకులు వెళ్లే వీలు లేదు.

అలాంటి చోట విలేఖరికి చెవే ఆధారం. లోకో దిగి వచ్చిన మనిషి బురద నడుం లోతు ఉందన్నాడా, మోకాలి లోతా? నిన్నటి కంటే నీరు పెరిగిందన్నాడా, తగ్గిందన్నాడా? ఆ మాట ఎన్ని గంటలకు అన్నాడు? కళ్లారా చూసి చెప్పాడా, పక్కవాడు చెబితే విన్నాడా? ఇవి రాసుకోకుండా లైవ్‌లో నిలబడితే నోటికొచ్చిందే వార్తవుతుంది. నేలలోకి చూసే రాడార్‌ను దించినప్పుడు ఈ సంగతి మరీ తేటతెల్లమైంది. ఆ రాడార్ మనిషిని బొమ్మగా చూపదు. మట్టిలోకి తరంగాలు పంపి, ఎక్కడ దాని గుణం మారితే అక్కడి నుంచి తిరిగొచ్చిన గుర్తును చూపుతుంది. ఆ గుర్తు ఇనుప దూలం కావచ్చు, నీటి గుంట కావచ్చు, మనిషి కావచ్చు. ‘గుర్తులు దొరికాయి’ అన్న మాటకూ ‘మనుషులు దొరికారు’ అన్న మాటకూ నడుమ ఎనిమిది కుటుంబాల ఆశ ఉంది. ఆ తేడాను పట్టుకోవడానికి లక్షల ఖరీదు చేసే కెమెరా పనికిరాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇప్పుడు బొమ్మకు కరువు లేదు. ప్రతి మండలంలో నలుగురైదుగురి చేతుల్లో మంచి ఫోన్లున్నాయి, యూట్యూబ్ ఛానళ్లున్నాయి. కరువల్లా శబ్దానికి, వినే ఓపికకు, విన్నదాన్ని సరిచూసుకునే అలవాటుకు. ఫోను మార్చే ముందు నేర్చుకోవాల్సిన పని ఇదేనన్నది నా గట్టి నమ్మకం.

పాలమూరుకు తెర కొత్త కాదు

టీవీ మన పల్లెలకు నగరం మీదుగా వచ్చిందని అనుకుంటాం. పాలమూరు విషయంలో అది నిజం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశం ‘సైట్’ అనే టీవీ ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచే కార్యక్రమాలు అందాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఒకటి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంటే రాజధానిలో కేంద్రం పెట్టకముందే ఈ జిల్లా పల్లెల్లో బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో జనం గుమిగూడి తెర చూశారు. సేద్యం గురించి, ఆరోగ్యం గురించి, పిల్లల చదువు గురించి చెప్పింది విన్నారు. ఆ తెర వాళ్లకు చెప్పేది, వాళ్ల మాట వినడానికి దానికి దారి లేదు. ఆ దారి ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. వాడకం తెలియాలి, అంతే.

మైకు నోటికి ఎంత దూరం?

కంట్రిబ్యూటర్ సంచిలో ఏముండాలని అడిగితే ఎక్కువమంది ముందు ఫోను మోడల్ చెబుతారు, ఆ తర్వాత గింబల్ పేరు చెబుతారు. నేనైతే ముందు వైరున్న కాలర్ మైకు పెట్టుకోమంటాను. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. చార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ తెగదు. ఫోను ఐదడుగుల దూరంలో పెట్టి తీస్తే మనిషి గొంతుతో పాటు వెనకాల పోయే ట్రాక్టరు, పక్కింటి మిక్సీ, గాలి హోరు అన్నీ ఒకే స్థాయిలో పడతాయి. దూరం రెట్టింపైతే మైకుకు చేరే శబ్ద శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గొంతుకు జానెడు దూరంలో, చొక్కా రెండో గుండీ దగ్గర పెట్టిన చవక మైకు ముందు అల్లంత దూరాన ఉన్న ఖరీదైన ఫోను ఓడిపోవడానికి కారణం అదే.

వైర్‌లెస్ మైకులు సుఖమే, కాదనను. కానీ వాటిలో చాలా రకాలు నడిచేది వైఫై, బ్లూటూత్‌లు వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే. బహిరంగ సభలో వేల ఫోన్ల మధ్య నిలబడితే మాట తెగుతూ వస్తుంది. ఇంటికొచ్చి విన్నాక గానీ తెలియదు. అందుకే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూ రికార్డు చేయడం తప్పనిసరి. ఫోను తెర మీద శబ్దం గీత కనబడితే మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, సున్నాను తాకిందంటే గొంతు పగిలినట్టే. పగిలిన శబ్దాన్ని ఏ ఎడిటింగ్ యాప్ అతకలేదు. సభల్లో అయితే మైకు సెట్టు నడిపే అన్నను మంచి చేసుకుని, ఆయన మిక్సర్ నుంచి ఒక లైను అడగడం అన్నిటికంటే మేలు. జూరాల డ్యాం మీద, బీచుపల్లి వంతెన మీద పీటూసీ (కెమెరా వైపు తిరిగి మాట్లాడటం) చేసేవాళ్లకు బొచ్చు తొడుగు లేని మైకు దండగ. నది మీది గాలి నేరుగా కొడుతుంది కాబట్టి ఒళ్లు గాలికి అడ్డం తిప్పి, మైకును ఛాతీ చాటున ఉంచుకోవాలి.

గద్వాలలో ఒక మగ్గం ఇల్లు తీసుకుందాం. చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెంటినీ నేతలోనే కలిపే పనిని కుప్పడం అంటారు. ఆ పేరు చెప్పని గద్వాల చీర కథనం ఉండదు, ఆ పని కళ్లకు కట్టేది మాత్రం తక్కువ. మనవాళ్లు వెళ్లగానే మగ్గం నడుస్తుండగా నేతన్న ముందు లోగో మైకు పెడతారు. ఆయన గొంతు టకటకల్లో మునిగిపోతుంది. స్టూడియోలో ఆ శబ్దాన్ని మొత్తం తీసేసి ఏదో వీణ సంగీతం వేస్తారు. ఇంటి శబ్దం పోయింది, మనిషి గొంతూ పోయింది.

దాన్ని వేరే విధంగా చేయవచ్చు. ముందు మగ్గం ఆపమని అడిగి, ఆయన పక్కనే కింద కూర్చుని మాట రికార్డు చేయాలి. మాట అయ్యాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం తీసుకోవాలి. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య అతుకు కనబడకుండా చేసేది ఆ అర నిమిషమే. తర్వాత మగ్గం నడపమని, మైకును మూడు చోట్ల పెట్టాలి: కాలితో తొక్కే పావుకోళ్ల దగ్గర, నాడె దూసుకుపోయే చోట, పైన జకార్డు అట్టలు తిరిగే చోట. మూడూ మూడు రకాల చప్పుళ్లు. ఒక్కోదాన్ని ఇరవై సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. ఆ తర్వాత కెమెరాను అంచు దగ్గరికి దించి, పట్టు పోగు నూలు పోగును మెలేసి పట్టుకునే బిందువు మీద ఆపాలి. ఇప్పుడు వాయిస్ ఓవర్‌లో కుప్పడం అన్న మాట వచ్చినప్పుడు ప్రేక్షకుడికి ఆ పోగులు కనబడుతుంటాయి, వినబడుతుంటాయి. ఆ కథనానికి ఇంకే సంగీతం అక్కర్లేదు.

లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర ఇంకో పాఠం. 2022లో పద్మశ్రీ వచ్చాక ఆయన కిన్నెరను ఎందరో ఫోన్లలో తీశారు. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, మైనంతో మెట్లు అతికించిన వాయిద్యం అది. నాదం బుర్రల దగ్గర గుండ్రంగా, నిండుగా ఉంటుంది. మెట్ల దగ్గర తీగ మోత సన్నగా, గరుకుగా ఉంటుంది. పాట మాత్రం నోటి నుంచి వస్తుంది. ఒకే మైకు కాలర్‌కు పెడితే కిన్నెర దూరమవుతుంది, కిన్నెర దగ్గర పెడితే పాట మసకబారుతుంది. కాలర్ మైకు గొంతుకు పెట్టి, రెండో ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బుర్రల ముందు మూరెడు దూరంలో ఉంచితే చాలు. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, ఆ చప్పుడును గుర్తుగా పెట్టుకుని రెండు ట్రాకులను ఎడిటింగ్‌లో కలిపేయవచ్చు. పాతికేళ్ల తర్వాత ఎవరైనా కిన్నెర నాదం ఎలా ఉండేదని వెతికితే, ఇలా రికార్డు చేసినదే పనికొస్తుంది.

షాట్ల గురించి కొంచెం

బొమ్మ విషయంలో ఎక్కువ చెప్పను, చాలామందికి తెలిసిందే. ఒక పని తీసేటప్పుడు చేతులు, ముఖం, మనిషి మొత్తం, భుజం వెనక నుంచి, ఆపైన ఎవరూ ఊహించని కోణం: ఈ ఐదూ ఉంటే ఏ కథనమైనా అతుకుతుంది. ప్రతి షాటునూ పది సెకన్లు పట్టుకోవాలి. జూమ్ చేయకండి, నాలుగడుగులు ముందుకు వేయండి. రాత్రి పూట ఆసుపత్రి, పోలీస్‌స్టేషన్ దృశ్యాల్లో ట్యూబ్‌లైట్లు వణుకుతూ పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే ఆ వణుకు పోతుంది. ఛానలుకు అడ్డం, రీలుకు నిలువు అని రెండూ ఒకే షాటులో దొరకవు. అడ్డంగా తీసేటప్పుడే మనిషిని నడుమ నిలబెట్టి నాలుగు షాట్లు అదనంగా తీస్తే నిలువుకు కోసుకోవచ్చు.

అచ్చంపేట దాటి మన్ననూరు ఘాట్ ఎక్కాక సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. లైవ్‌యూ లాంటి యంత్రాలు నాలుగైదు సిమ్‌ల డేటాను కలిపి పంపుతాయి, అసలు టవరే అందనప్పుడు కలపడానికేమీ ఉండదు. మామూలు ఫోను హెచ్‌డీ వీడియో నిమిషానికి 130 ఎంబీ దాకా తీసుకుంటుంది. ఫైలును చిన్నది చేసే హెచ్‌ఈవీసీ పెడితే అందులో సగం. ముప్పై షాట్లు పంపాలని గుట్ట మీద గంట కూర్చునే కంటే, ఒక మంచి బైట్ (మనిషి మాట్లాడిన ముక్క), నాలుగు షాట్లు ఎంచి ముందు పంపి, మిగతావి కిందికి దిగాక పంపడం తెలివైన పని. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఇక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో డ్రోను ఎగరేయడం అటవీశాఖ అనుమతి లేకుండా చేయరాని పని. బరువు 250 గ్రాముల లోపు ఉందన్న సాకు అక్కడ చెల్లదు.

‘ఆ పొద్దు ఏమైందవ్వా?’

పంట మునిగిన చేను గట్టు. విలేఖరి మైకు పెట్టి, ‘అమ్మా, మీకు ఎవరూ సాయం చేయలేదు కదా, చాలా బాధగా ఉంది కదా?’ అంటాడు. ఆమె ‘అవు సారూ’ అంటుంది. అయిపోయింది. ఆ బైట్‌లో మాట్లాడింది విలేఖరే, ఆమె తలూపింది.

అదే విలేఖరి మైకు పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని, ‘ఆ పొద్దు ఏమైందవ్వా?’ అని అడిగి నోరు మూసుకుంటే ఆమె కథ ఆమె చెబుతుంది. నీళ్లు ఏ జాములో వచ్చాయి, గొడ్లను ఎవరు విప్పారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చింది, విత్తనం సంచి ఎంతకు కొన్నది. మధ్యలో ఆమె ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా ఐదు సెకన్లు ఓర్చుకోవాలి. ఆ ఐదు సెకన్ల తర్వాత వచ్చే మాటే చాలాసార్లు కథనానికి ప్రాణం. ఎలక్ట్రానిక్ మీడియాలో ఆ ఓర్పును ఎవరూ నేర్పరు, తొందర మాత్రం అందరూ నేర్పుతారు.

యాస విషయం కూడా చెప్పాలి. అయిజ, గద్వాల వైపు మాటలో కర్నూలు, రాయచూరు సీమల పలుకుబడి కలిసి ఉంటుంది. అచ్చంపేట వైపు వెళ్తే వేరే తీరు. వనపర్తిది ఇంకో తీరు. స్క్రోలింగ్ రాసేటప్పుడు ఆ మాటను ‘శుద్ధి’ చేసి పుస్తక భాషలో పెట్టేవాళ్లున్నారు. తెర మీద ఒక మాట వినబడుతుంటే కింద వేరే మాట నడుస్తుంది. ఆమె అన్నది అన్నట్టే రాయాలి. అర్థం కాదనిపిస్తే వాయిస్ ఓవర్‌లో విడమర్చవచ్చు. ఇప్పుడు మాటను రాతగా మార్చే ఏఐ యాప్‌లు తెలుగులోనూ వచ్చాయి. గంట ఇంటర్వ్యూను నిమిషాల్లో రాసిపెడతాయి, వాడుకోవాల్సిందే. కాకపోతే అవి నేర్చింది ఎక్కువగా పత్రికల తెలుగు. పల్లె పేర్లు, ఇంటి పేర్లు, యాస మాటలు తప్పుతాయి. వాటిని మళ్లీ చెవితో సరిచూడకుండా తెరకెక్కించకూడదు.

విలేఖరి స్వయంగా చదివే మాట సంగతీ ఇంతే. పత్రికకు రాసినట్టు రాసి టీవీలో చదివితే వినేవాడికి ఎక్కదు. ‘జూరాల ప్రాజెక్టుకు లక్ష క్యూసెక్కుల ఇన్‌ఫ్లో వస్తుండగా అధికారులు గేట్లను ఎత్తి దిగువకు నీటిని విడుదల చేస్తున్నారు’ అని ఏటా వింటాం. లక్ష క్యూసెక్కులంటే ఎంతో వినేవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. జూరాల పూర్తి నిల్వ 9.657 టీఎంసీలు. అంటే ఖాళీ జలాశయమైనా ఆ ధాటికి 27 గంటల్లో నిండిపోతుంది. ‘ఇదే వరద ఒక రోజు, ఇంకో మూడు గంటలు వచ్చిందంటే ఖాళీ జూరాల నిండిపోతుంది. అందుకే గేట్లు ఎత్తారు’ అని చెబితే నది ఒడ్డున మోటారు పెట్టుకున్న రైతు వెంటనే లేచి వెళ్లి మోటారు తీసుకుంటాడు. ఈ లెక్క చేయడానికి ఫోనులోని క్యాలిక్యులేటర్ చాలు.

పుకారు కంటే ముందు చేరాలి

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ ముఠాలు వచ్చాయని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు ఊళ్లను ఊపేశాయి. దేశంలో చాలాచోట్ల ఇలాంటి పుకార్లు అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు. జనం ఫోన్లలో ఏ వీడియోలు తిరుగుతున్నాయో కూర్చుని చూడమన్నారు, వాళ్ల భయం వినమన్నారు. డప్పు కళాకారులతో పుకార్ల మీద పాటలు కట్టించి ఊరూరా పాడించారు. ఈ పని గురించి దేశ విదేశాల పత్రికలు రాశాయి. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

పోలీసులు చేసిన ఆ పని నిజానికి విలేఖరులు చేయాల్సింది. ఊళ్లో ఏ వీడియో తిరుగుతోందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. వచ్చిన వీడియోను సరిచూడటానికి ఇప్పుడు బోలెడన్ని ఉచిత పరికరాలున్నాయి. వీడియోలో ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదో కొత్తదో చాలాసార్లు తేలిపోతుంది. ఇన్‌విడ్ అనే బ్రౌజర్ పరికరం వీడియోను ఫ్రేములుగా విడగొట్టి ఒక్కోదాన్నీ వెతికిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫైలులో తీసిన తేదీ, స్థలం చెరిగిపోయి ఉంటాయి కాబట్టి, తీసిన మనిషి దొరికితే అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

ఆ యాప్‌లు చేతులెత్తేసినచోట స్థానిక విలేఖరి తెలివే దిక్కు. వరద కాలంలో కృష్ణమ్మ పేరుతో వచ్చే వీడియో నిజంగా మన దగ్గరిదేనా? గట్టు మీద బోర్డు ఏ భాషలో ఉంది? వంతెన స్తంభాల తీరు బీచుపల్లిదేనా? నేపథ్యంలో మనుషులు కన్నడంలో అరుస్తున్నారా, తెలుగులోనా? శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూసేవాడికి ఈ చివరి ప్రశ్న తట్టదు. ఊరి సర్పంచికి, వీఆర్వోగా పనిచేసిన పెద్దమనిషికి, చేపలు పట్టే అన్నకు మూడు ఫోన్లు చేస్తే పది నిమిషాల్లో నిజం తెలుస్తుంది. ఆ ముగ్గురి నంబర్లు ప్రతి మండలానికీ రాసి పెట్టుకున్న నోటుబుక్కు వైర్‌లెస్ మైకు కంటే విలువైంది.

కొన్ని పేర్లు, ముఖాలు నిజమైనా చూపకూడదు. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉన్నాయి. ముఖం మసకబార్చి, ఇంటి గుమ్మం, ఊరి పేరు, తండ్రి బైట్ చూపితే ఊళ్లో అందరికీ తెలిసినట్టే. చిన్న జిల్లాల్లో ఇది మరీ ప్రమాదం. నలుగురున్న తండాలో పేరు దాచి ఫలం లేదు, తండా పేరూ దాచాలి. గొంతు కూడా మార్చాలి, ఆ గొంతును గుర్తుపట్టే ఇరుగుపొరుగు ఉంటారు.

ఎవరి ఖర్చుతో?

ఇంత చెప్పి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఈ పనులన్నీ చేయాల్సిన మండల కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం లేదు. వార్తకు ఇంత అని ఇచ్చేవాళ్లున్నారు, లోగో ఇచ్చి అదే జీతమనుకోమనేవాళ్లున్నారు, పండక్కి ప్రకటనలు తెమ్మని లక్ష్యాలు పెట్టేవాళ్లున్నారు. పెట్రోలు, డేటా, పవర్‌బ్యాంకు అన్నీ సొంత జేబులోంచే. ప్రకటన ఇచ్చిన మనిషి మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడు ఆ కుర్రాడు ఏం చేయాలి? పుకారును సరిచూడటానికి పది నిమిషాలు ఆగితే పక్క ఛానల్‌లో ముందు వచ్చేసిందని డెస్కు తిడితే ఏం చేయాలి? జిల్లాల్లో వార్త నాణ్యత గురించి ఉపన్యాసాలిచ్చే సంస్థలు ముందు ఆ పది నిమిషాలను కుర్రాడికి ఇవ్వాలి. ఒక వైరు మైకు, ఒక ప్రమాద బీమా, తీసిన దృశ్యానికి తగిన డబ్బు కూడా ఇవ్వాలి. ఇది వేడుకోలు కింద రాయడం లేదు, హక్కుగా రాస్తున్నాను.

ఫైలుకు పేరు పెట్టండి

ఇంకొక్క అలవాటు గురించి చెప్పాలి. ఇది ఈ గడ్డకు బాగా తెలిసిన పని.

1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిది ఇటిక్యాలపాడు, నేటి గద్వాల జిల్లా. 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వినిపించినప్పుడు ఆయన జవాబు ఒక పుస్తకంగా వచ్చింది. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. ప్రతి కవి ఊరు, పేరు నమోదయ్యాయి. తర్వాత ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఆయన పోయాక 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజుల సంగతుల కంటే మామూలు జనం తిండి, ఆటలు, సామెతలు అందులో ఎక్కువ. ఇవాళ మన ఫోన్లలో పడుతున్నదీ అదే సరుకు.

కానీ ఆ సరుకు ఎక్కడుంది? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం ప్రాంతాలు మునిగినప్పుడు తీసిన టేపులు ఎన్ని మిగిలాయి? మినీ డీవీ టేపుల మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసుకున్న కాలమది. ఇప్పుడు టేపు లేదు, ఫోను నిండగానే గ్యాలరీ చెరిపేస్తున్నాం. ఛానల్‌కు వెళ్లింది ఛానల్‌ది. జిల్లాకు ఏమీ మిగలడం లేదు.

చేయాల్సిన పని చిన్నది. ప్రతి ఫైలుకూ ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత సంగతి, చివర తీసినవాళ్ల పేరు పెట్టాలి. ‘వీడియో ఫైనల్ కొత్తది’ అని పెడితే నెల తర్వాత తీసినవాళ్లకే తెలియదు. ఫైలు పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో మాట్లాడినవాళ్ల పేరు, ఊరు, ఎప్పుడు ఎక్కడ అన్నారు, అనుమతి ఇచ్చారా లేదా రాయాలి. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకోచోట. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రెస్ క్లబ్బులు ఒక గది కేటాయించి, ఒక కంప్యూటర్, నాలుగు డిస్కులు పెట్టి, ఏ ఛానల్ వాడైనా తన మూల ఫైళ్లను తెచ్చి భద్రపరచుకునే ఏర్పాటు చేయవచ్చు. వనపర్తి డిగ్రీ కళాశాలలోనో గద్వాలలోనో చదివే పిల్లలకు వారానికి రెండు గంటలు ఆ ఫైళ్లకు పేర్లు పెట్టే పని అప్పగించవచ్చు. పేర్లు పెట్టాలంటే ముందు వినాలి కాబట్టి, తమ ఊరి ముసలమ్మ మాటను, పొరుగూరి మగ్గం చప్పుడును, జూరాల గేట్ల హోరును ఆ పిల్లలు మొదటిసారి శ్రద్ధగా వింటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు రేపు మైకు పట్టుకుంటారు.